ఒక్కరే దీవికి వెళ్తున్నారా? సాయంత్రం ఏడింటి సంగతి ముందు చూసుకోండి

నేను మొదటిసారి ఒక్కదాన్నే దీవికి వెళ్లినప్పుడు గదిని ఫొటోలు చూసి ఎంచుకున్నాను. ‘బీచ్‌కి పది నిమిషాల నడక’ అని రాసి ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. పగలు ఆ దారి ఎంతో బాగుంది. రెండు పక్కలా కొబ్బరి చెట్లు, మధ్యలో మట్టి బాట, ఎవరిదో ఒక సైకిలు చెట్టుకి ఆనించి ఉంది. ఆరున్నరకి సూర్యుడు దిగిపోయాడు. ఏడయ్యేసరికి ఆ బాట మీద ఒక్క దీపం లేదు. ఫోన్ టార్చి పట్టుకుని నడుస్తుంటే ఎదురుగా రెండు జతల కళ్లు మెరిశాయి. కుక్కలే, మొరగను కూడా లేదు. అయినా నేను అక్కడినుంచే వెనక్కి తిరిగాను. ఆ నాలుగు రోజులూ ఆరుకల్లా భోజనం కానిచ్చేసి గదికి చేరడం, గోడ మీద బల్లిని చూస్తూ కూర్చోవడం. అలల చప్పుడు కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది. వెళ్లడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

భూమధ్యరేఖకి దగ్గరి దీవుల్లో ఏ నెలలో వెళ్లినా పగలు దాదాపు 12 గంటలే. ఎండాకాలం కాబట్టి ఎనిమిది దాకా వెలుతురు ఉంటుందనే లెక్క అక్కడ పనిచేయదు. బాలిలో, మాల్దీవుల్లో, శ్రీలంకలో ఏడు లోపు చీకటి పడిపోతుంది. అండమాన్‌లో డిసెంబరులో సాయంత్రం అయిదింటికే సూర్యాస్తమయం, ఎందుకంటే దీవులు ఎంతో తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం భారత ప్రధాన భూభాగానిది. నాలుగు రాత్రుల ప్రయాణంలో ఏడు నుంచి పది దాకా లెక్కేస్తే మొత్తం 12 గంటలు, అంటే ఒక నిండు పగలంత సమయం. ఇద్దరు వెళ్తే అది కబుర్లలో గడిచిపోతుంది. ఒక్కరే వెళ్లినప్పుడు ఆ మూడు గంటలు ఎక్కడ గడపాలి, గదికి ఎలా తిరిగిరావాలి అన్నది ముందే తేల్చుకోవాలి.

అందుకే దీవుల్ని పోల్చేటప్పుడు నేను బీచ్ అందాన్ని లెక్కలోకి తీసుకోను. అందం అన్నిచోట్లా ఉంది, ఎవరినీ నిరాశపరచదు. చూసేవి మూడే. చీకటి పడ్డాక నడవగలిగే వీధి ఉందా. విమానం దిగాక మంచం ఎక్కేలోపు ఎన్ని బండ్లు, ఎన్ని బోట్లు మారాలి. తిరగడానికి డబ్బు సీటు చొప్పున కట్టాలా, బోటు మొత్తానికి కట్టాలా. ఈ మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. దీవుల్లో సగం సరదాలు బోటు మీదే ఉంటాయి. బోటు మొత్తం మాట్లాడుకోవాలంటే నలుగురు పంచుకునే ఖర్చు మీరొక్కరే మోయాలి. డబ్బు సంగతి అటుంచితే, తెలియని ఇద్దరు మగవాళ్లతో ఒక్కరే బోటులో నడిసముద్రంలోకి వెళ్లడం నాకైతే ఇష్టం ఉండదు.

ముందు నెల, ఆ తర్వాతే దీవి

ఈ మూడిటి కంటే ముందు తేలాల్సింది వాతావరణం. మనలో చాలామంది దేశం పేరు చూసి వానల లెక్క వేస్తాం. పొరపాటు జరిగేది అక్కడే. థాయ్‌లాండ్‌కి రెండు వైపులా సముద్రం ఉంది, రెండిటికీ వేర్వేరు కాలాలు. పడమటి వైపు అండమాన్ సముద్రంలో ఉన్న ఫుకెట్, కో లాంటాలకి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచికాలం. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులు, పెద్ద అలలు. తూర్పున థాయ్‌లాండ్ సింధుశాఖలో ఉన్న కో సముయ్, కో పంగన్, కో తావ్‌లకి గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడతాయి. అంటే జులైలో సెలవు దొరికితే ఫుకెట్ వద్దు, సముయ్ చూడండి. నవంబరు అయితే తిరగేయండి.

శ్రీలంకదీ అదే తీరు. గాల్, మిరిస్సా ఉన్న దక్షిణ తీరానికి డిసెంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా అయితే తూర్పు తీరంలోని అరుగం బే, ట్రింకోమలీ. బాలి భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ వానలు నవంబరు నుంచి మార్చి వరకు, పొడికాలం ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు. మాల్దీవులకి డిసెంబరు నుంచి ఏప్రిల్ మంచిది. మారిషస్‌లో జనవరి నుంచి మార్చి తుపాన్ల కాలం. జాంజిబార్‌లో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు.

వానాకాలంలో గదుల ధరలు తగ్గుతాయి, నిజమే. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే అది లాభమే. ఒక్కరికి మాత్రం వేరే చిక్కు ఉంది. కో లాంటా లాంటి చోట్ల వానాకాలంలో చాలా రిసార్టులు, హోటళ్లు మూసేస్తారు. వీధిలో సగం షట్టర్లు దించి ఉంటాయి. జనం లేని బీచ్ ఫొటోలో బాగుంటుంది కానీ, ఎనిమిది గంటలకి గదికి తిరిగొచ్చే దారిలో జనం ఉండాలి. పైగా అలలు పెరిగితే బోట్లు ఆపేస్తారు. నాలుగు రోజుల సెలవులో ఒక రోజు జెట్టీ దగ్గరే గడిచిపోతే మిగిలేది మూడు.

మాల్దీవులు: రిసార్టు దీవా, ఊరున్న దీవా

ఒక్క దేశమే అయినా రెండు వేర్వేరు ప్రయాణాలు ఇవి. దాదాపు 1,200 దీవులున్న ఆ దేశంలో రిసార్టు అంటే దీవి మొత్తం ఆ రిసార్టే. దీపాలున్న బాటలు, రాత్రంతా తిరిగే సిబ్బంది, బయటివాళ్లెవరూ రారు. భద్రత ఒక్కటే చూస్తే దీన్ని మించింది లేదు. కానీ గదులు ఇద్దరి కోసం కట్టినవి, ధరలూ ఇద్దరి లెక్కే. భోజనానికి వెళ్తే చుట్టూ కొత్తగా పెళ్లయినవాళ్లు. మంచం మీద పువ్వులతో గుండె బొమ్మ వేసి పెడతారు, మీరొక్కరే అని చెప్పినా సరే. పుస్తకం చదువుతూ, ఈత కొడుతూ, ఎవరితో మాట్లాడకుండా నాలుగు రోజులు నిద్రపోవాలనుకునే మనిషికి ఇది స్వర్గం. నాకు మూడో రోజుకి విసుగొచ్చేది.

రెండోది జనం ఉండే దీవి. వీటిలో గెస్ట్‌హౌస్‌లు రావడం దాదాపు 2010 నుంచే మొదలైంది. మాఫుషి, తులుస్దూ, ధిగురా లాంటివి. మాఫుషి రాజధాని మాలేకి దగ్గర, విమానాశ్రయం నుంచి స్పీడ్‌బోటులో అరగంట, ముప్పావుగంట. దీవి ఈ చివర నుంచి ఆ చివరికి ఓ ఇరవై నిమిషాల నడక. సాయంత్రమైతే ఊరివాళ్లు ఇనుప చట్రానికి తాడు అల్లిన జోలి కుర్చీల్లో చెట్ల కింద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. ఈ దీవుల్లో మద్యం నిషేధం. తాగాలనుకునేవాళ్లకి అది లోటు. రాత్రి తొమ్మిదికి ఒంటరిగా నడిచే ఆడమనిషికి మాత్రం ఎంతో ఊరట, ఎదురయ్యేవాళ్లలో తూలుతూ వచ్చేవాడు ఉండడు.

బదులుగా మీరు ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇది ముస్లిం దేశం. స్విమ్‌సూట్ వేసుకునేది పర్యాటకుల కోసం కేటాయించిన బికినీ బీచ్‌లోనే. ఊళ్లో తిరిగేటప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. రంజాన్ నెలలో పగలు ఊళ్లోని కెఫేలు చాలావరకు మూసి ఉంటాయి. బోటు ప్రయాణాలు మాఫుషిలో సీటు చొప్పున దొరుకుతాయి, ఎందుకంటే రోజూ తగినంత మంది వస్తారు. చిన్న దీవుల్లో మాత్రం ‘కనీసం ఇద్దరు ఉండాలి’, ‘నలుగురైతేనే బోటు కదులుతుంది’ అంటారు. బుక్ చేసేముందే గెస్ట్‌హౌస్‌కి మెసేజ్ పెట్టి, ఒక్కరికి ఏయే ట్రిప్పులు కుదురుతాయో అడగండి. తిమింగలపు సొరచేపల్ని చూడటం మీ కోరికైతే ధిగురా మంచిది, ఆ ప్రాంతంలో అవి ఏడాదంతా కనిపిస్తాయి. కాకపోతే స్పీడ్‌బోటులో రెండు గంటలకి అటూ ఇటూగా పడుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోండి.

ప్రయాణం చివరి మెలిక కూడా చూసుకోండి. దూరపు రిసార్టులకి తీసుకెళ్లే సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి విమానాశ్రయం దగ్గర్లో ఇంకో గది కట్టుకోవాల్సిందే. ప్రభుత్వ ఫెర్రీలు చవక కానీ చాలావరకు శుక్రవారం నడవవు.

బాలి: పేరు ఒకటే, ఊళ్లు వేరు

‘బాలి ఒంటరి ఆడవాళ్లకి మంచిదేనా?’ అంటే బాలిలో ఎక్కడ అని తిరిగి అడగాలి. కుటా, చాంగూలలో రాత్రంతా సందడి. అక్కడి సముద్రం అలల మీద ఆడేవాళ్లది, ఈతకి వచ్చేవాళ్లది కాదు. లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, ఎర్ర జెండాలు అలంకారానికి పాతినవి కావు. ఉబుద్ సముద్రానికి దూరంగా, కొండల వైపు, వరిపొలాల మధ్య ఉంటుంది. విమానాశ్రయం నుంచి 40 కిలోమీటర్ల లోపే అయినా ట్రాఫిక్‌లో గంటన్నర, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. అయినా నా ఏడింటి పరీక్షలో ఉబుద్‌కి మంచి మార్కులే. ప్యాలెస్‌లోనూ గుళ్లలోనూ రాత్రి ఏడున్నర ప్రాంతంలో నృత్య ప్రదర్శనలు ఉంటాయి. ఒక్కరే వెళ్లి కూర్చోవచ్చు, ఎవరూ వింతగా చూడరు. యోగా క్లాసుల కోసం ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది ఉంటారంటే, జంటగా వచ్చినవాళ్లకే కాస్త మొహమాటం వేయాలి. ఒక్క జాగ్రత్త: అక్కడి ఫుట్‌పాత్‌ల మీద పలకలు విరిగి గుంతలుంటాయి. రాత్రి కింద చూసుకుని నడవండి.

నాలుగు రోజులకి సముద్రమూ కావాలి, ప్రశాంతతా కావాలి అంటే నా ఓటు సనూర్‌కి. తూర్పు తీరం కాబట్టి సూర్యోదయం సముద్రం మీదే. పగడపు దిబ్బ అలల్ని ఆపుతుంది, నీళ్లు నిలకడగా ఉంటాయి. పాటు వచ్చినప్పుడు మోకాలి లోతుకి తగ్గిపోయి ఈతకి చాలవు, అదొక్కటే లోటు. అన్నిటికన్నా ముఖ్యం, తీరం వెంబడి కిలోమీటర్ల పొడవునా బాట పరిచి ఉంది, దాని పక్కనే రెస్టారెంట్లు. గది ఆ బాటకి దగ్గరగా తీసుకుంటే భోజనానికి బండి ఎక్కే పని లేదు. కుర్రకారు దీన్ని ముసలివాళ్ల ఊరని వెక్కిరిస్తారు. పెద్దవాళ్లు తీరిగ్గా నడిచే ఊరు ఒంటరి ఆడమనిషికి కూడా నడవడానికి బాగుంటుందని వాళ్లకి ఎవరు చెప్తారు? నుసా పెనిడా వెళ్లే వేగం బోట్లు కూడా సనూర్ నుంచే బయల్దేరతాయి, టికెట్ సీటు చొప్పునే. పెనిడాలో కెలింగ్‌కింగ్ బీచ్‌కి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, కింద అలలు ప్రమాదకరం. పైనుంచి చూసి రండి, చాలు.

బాలిలో బండ్లు పిలిచే గ్రాబ్, గోజెక్ యాప్‌లు ఒంటరిగా వెళ్లేవాళ్లకి పెద్ద అండ. బేరం ఉండదు, బండి ఎక్కడుందో ఇంట్లోవాళ్లకి లింకు పంపొచ్చు. కానీ కొన్ని వీధుల్లో స్థానిక డ్రైవర్లు ఆ బండ్లని లోపలికి రానివ్వరు, వందడుగులు నడిచి ఎక్కాల్సి వస్తుంది. రోడ్డు పక్కన నిలబడి ఫోను చేతిలో ఊపుకుంటూ మ్యాప్ చూడకండి. బండి మీద వచ్చి లాక్కుపోయే దొంగలు ఉన్నారు. గుళ్లకి వెళ్లాలంటే నడుముకి సరోంగ్, దట్టీ కట్టుకోవాలి. నెలసరిలో ఉన్నవాళ్లు లోపలికి రావద్దని బోర్డులుంటాయి. గుళ్ల కోసమే వెళ్తుంటే తేదీలు ఆ లెక్కా చూసుకుని పెట్టుకోండి. ఇంకొకటి, సాధారణంగా మార్చిలో వచ్చే న్యేపి, అంటే బాలివాళ్లు మౌనం పాటించే పండగ రోజున 24 గంటల పాటు విమానాశ్రయంతో సహా దీవి మొత్తం మూసేస్తారు. హోటలు గేటు దాటి బయటికి రాకూడదు, రాత్రి దీపాలు కూడా తగ్గించేస్తారు. కొందరు దాని కోసమే వెళ్తారు. తెలియకుండా వెళ్తే నాలుగులో ఒక రోజు పోయినట్టే.

గాల్ కోట: గోడల మధ్య ఊరు

శ్రీలంక దక్షిణ తీరానికి వెళ్లేవాళ్లు ఎక్కువగా మిరిస్సాలోనో ఉనవటూనలోనో బీచ్ పక్కన గది తీసుకుంటారు. నేనైతే గాల్ కోట లోపల తీసుకోమంటాను. 1588లో పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టి, తర్వాత డచ్చివాళ్లు పటిష్ఠం చేసిన కోట అది. 1988 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అయితే దాని చరిత్ర కోసం చెప్పడం లేదు. కోట లోపల ఇప్పటికీ మనుషులు కాపురముంటారు. బడి ఉంది, మసీదు ఉంది, చర్చి ఉంది. సన్నటి సందులు, ఇళ్లనే గెస్ట్‌హౌస్‌లుగా మార్చినవాళ్లు, అడుగడుక్కీ కెఫేలు. సాయంత్రం ఊరంతా కోటగోడ మీదికి ఎక్కి సూర్యాస్తమయం చూస్తుంది. స్కూలు పిల్లలు, గొడుగు చాటున ప్రేమికులు, క్రికెట్ ఆడే కుర్రాళ్లు. వాళ్ల మధ్య మీరొక్కరే కూర్చున్నా ఒంటరిగా అనిపించదు. అక్కడినుంచి గది అయిదు నిమిషాల నడక. పగలు ఈతకి అయిదారు కిలోమీటర్ల దూరంలోని ఉనవటూనకి ఆటోలో వెళ్లి రావచ్చు. చలికాలంలో మిరిస్సా నుంచి తిమింగలాల్ని చూపించే బోట్లు సీటు చొప్పునే తీసుకెళ్తాయి.

కష్టం రాకపోకల్లో ఉంది. విమానాశ్రయం కొలంబోకి ఉత్తరాన ఉంది, గాల్ దక్షిణాన. ఎక్స్‌ప్రెస్ వే మీద కారులో రెండున్నర, మూడు గంటలు. సముద్రం పక్కనే పోయే రైలు ఎంతో అందమైనదే కానీ, కిక్కిరిసిన పెట్టెల్లో, బస్సుల్లో ఆడవాళ్లకి చేతులు తగిలించే వెధవల బెడద అక్కడా ఉంది. రిజర్వేషన్ ఉన్న పెట్టెలో టికెట్ తీసుకోండి, లేదా రద్దీ లేని వేళ చూసుకోండి. బీచ్‌ల దగ్గర ‘ఏ దేశం? ఒక్కరే వచ్చారా?’ అంటూ వెంటపడేవాళ్లు బాలిలో కన్నా ఇక్కడ ఎక్కువ. ‘మా ఆయన గదిలో పడుకున్నాడు’ అనే అబద్ధం పెళ్లి కానివాళ్లకి కూడా బాగా పనిచేస్తుంది. పర్యాటక పోలీసు నంబరు 1912.

థాయ్ దీవుల్లో తేలికైనది, కష్టమైనది

మొదటిసారి ఒంటరిగా వెళ్లేవారికి నేను గట్టిగా చెప్పేది కో సముయ్. దీవి మీదే విమానాశ్రయం ఉంది. దిగి పది, పదిహేను నిమిషాల్లో బోపుట్‌లో గదికి చేరొచ్చు, బోటు గొడవే లేదు. బోపుట్‌లోని జాలర్ల పేట ఒకే వీధి, పాత చెక్క ఇళ్లు, ఒక పక్క సముద్రం, రాత్రి పది దాకా తెరిచి ఉండే కొట్లు. శుక్రవారం రాత్రి ఆ వీధంతా సంతే. అంగ్ థాంగ్ మెరైన్ పార్కుకి సీటు చొప్పున పెద్ద బోట్లు వెళ్తాయి. పెద్ద ఆసుపత్రులూ దీవి మీదే ఉన్నాయి, ఇది చిన్న విషయం కాదు. విమానం టికెట్ మాత్రం దూరంతో పోలిస్తే ఎక్కువే పలుకుతుంది. సముయ్, పంగన్ బీచ్‌లలో అక్కడక్కడా కర్రకి తగిలించిన వెనిగర్ సీసాలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. పెట్టె ఆకారపు జెల్లీఫిష్ కుడితే వెంటనే పోయడానికి పెట్టినవి. కాళ్లూ చేతులూ కప్పే ఈత దుస్తులు వేసుకుంటే చాలావరకు రక్షణ.

కో పంగన్‌లోని హాద్ రిన్ బీచ్‌లో పౌర్ణమి పార్టీ జరుగుతుంది. బకెట్లలో కలిపి అమ్మే మద్యం, వేల మంది జనం. ఒక్కరే వెళ్లి తాగే చోటు కాదది, ఇంతకు మించి నాకు చెప్పడానికేమీ లేదు. అదే దీవిలో మిగతా తీరాలు చాలా ప్రశాంతంగా ఉంటాయి, పౌర్ణమి తేదీలు తప్పించి వెళ్లండి. డైవింగ్ నేర్చుకోవాలంటే కో తావ్. విమానాశ్రయం లేకపోయినా, క్లాసులో మొదటి రోజే నలుగురు పరిచయమవుతారు, సాయంత్రాల సమస్య దానంతటదే తీరిపోతుంది. ఫుకెట్‌లో పటోంగ్ వద్దు, పాత టౌనులో గది తీసుకుని బీచ్‌లకి పగలు వెళ్లి రండి. థాయ్‌లాండ్ పర్యాటక పోలీసు నంబరు 1155.

మిగతావి

అండమాన్‌లోని స్వరాజ్ దీవి, అంటే పాత పేరుతో హావ్‌లాక్, అందంలో పైవాటికి దేనికీ తీసిపోదు. కానీ విమానం దిగేది శ్రీవిజయపురంలో, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌లో, అక్కడినుంచి పగటిపూట ఫెర్రీ. మధ్యాహ్నం దాటి దిగితే ఆ రోజుకి దాటలేకపోవచ్చు. చీకటి తొందరగా పడుతుంది, రోడ్ల మీద దీపాలు తక్కువ. వెళ్తే గది, భోజనం, డైవింగ్ సెంటరు ఒకేచోట ఉండేలా చూసుకోండి. తెల్లారడం కూడా తొందరే కాబట్టి, అయిదింటికి లేచే అలవాటున్నవాళ్లు లాభపడతారు.

బాలికి తూర్పున లొంబోక్ పక్కనున్న చిన్న దీవి గిలి ఎయిర్‌లో కార్లూ పెట్రోలు బండ్లూ లేవు, ఎక్కువగా సైకిళ్లూ గుర్రపు బండ్లే. దీవి చుట్టూ కాలినడకన రెండు గంటల్లో వచ్చేయొచ్చు. బాలి నుంచి బోటు ప్రయాణానికి రానూ పోనూ రెండు పూటలు పోతాయి. వారం ఉంటే వెళ్లండి. మారిషస్ పెద్ద దీవి, 2,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్లలో బస్సులు సాయంత్రానికే ఆగిపోతాయి. కారు నడపగలిగేవాళ్లకే ఆ దీవి సొంతమవుతుంది, డ్రైవింగ్ వచ్చినవాళ్లకి చాలా సుఖం. జాంజిబార్‌లో తూర్పు తీరాన పాజే దగ్గర పాటు వస్తే సముద్రం వందల మీటర్లు వెనక్కి పోతుంది, ఈత కావాలంటే ఉత్తరాన నుంగ్వి వైపు చూడాలి. రాత్రిపూట బీచ్ మీద నడవడం అక్కడ మంచిది కాదు. నా ఏడింటి పరీక్షలో అది తప్పింది. రెండో, మూడో ప్రయాణానికి ఉంచుకోండి.

గది రివ్యూలు ఎలా చదవాలంటే

మార్కులు చూడటం మానేయండి. రివ్యూల్లో ‘రాత్రి’, ‘చీకటి’, ‘నడక’, ‘కుక్కలు’, ‘తాళం’ అనే మాటలకి ఇంగ్లిష్‌లో వెతకండి. ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లు రాసినవి ఏరుకుని చదవండి. నాకు కొబ్బరి తోట బాట చూపించిన ఆ గెస్ట్‌హౌస్ రివ్యూల్లో ‘టార్చి తీసుకెళ్లండి’ అని ముగ్గురు రాశారు. ఇంటికొచ్చాక చదివాను. పై అంతస్తు గది అడగండి. తలుపుకి లోపల గడియ ఉందో లేదో మొదటి అయిదు నిమిషాల్లో చూసుకోండి, లేకపోతే అప్పుడే గది మార్చమనొచ్చు, రాత్రి పదకొండుకి మార్చరు. బయటినుంచి తెరవకుండా తలుపు కింద దూర్చే రబ్బరు చీల అరచేతిలో పట్టేంత ఉంటుంది, నేను అది లేకుండా బయల్దేరను.

స్కూటర్ గురించి ఒక్క మాట. ముందే నడపడం రానివాళ్లు దీవిలో నేర్చుకోవద్దు. వచ్చినవాళ్లు ద్విచక్ర వాహనానికి చెల్లే అంతర్జాతీయ పర్మిట్ తీసుకెళ్లండి. అది లేకుండా పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వకపోవచ్చు.

ఇక ఎవరూ చెప్పని సమస్య: ఒక్కరే ఈతకి దిగితే ఫోను, గది తాళంచెవి ఎక్కడ పెట్టాలి? నీళ్లు చొరబడని పర్సు నడుముకి కట్టుకోవడం నా పద్ధతి. అది లేని రోజు పిల్లలతో వచ్చిన కుటుంబం పక్కన తువ్వాలు పరిచి, ఆ తల్లిని ‘కాస్త చూస్తుంటారా’ అని అడుగుతాను. ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. వీపు మీద సన్‌స్క్రీన్ రాసేవాళ్లు ఉండరు కాబట్టి పొడుగు చేతుల ఈత చొక్కా తీసుకెళ్లండి. లైఫ్‌గార్డ్ ఉన్నచోటే, మిగతా జనం ఉన్న మేరకే దిగండి. ప్రవాహం లోపలికి లాగితే ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా ఈదుకుంటూ పక్కకి తప్పుకుని అప్పుడు ఒడ్డుకి రండి.

నాలుగు రోజుల్లో డైవింగ్ ఉంటే దాన్ని మొదటి రెండు రోజుల్లోనే పెట్టుకోండి. ఆఖరి డైవ్‌కి, విమానానికి మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, ఒక రోజు పూర్తిగా ఉంటే ఇంకా మంచిది. చివరి రాత్రి మాత్రం విమానాశ్రయం ఉన్న గట్టు మీదే పడుకోండి, అవతలి దీవిలో ఎంత మంచి గది ఉన్నా సరే. పొద్దున్నే లేచి చూస్తే సముద్రం ఎగిసిపడుతోంది, మొదటి బోటు ఎప్పుడో తెలియదు, విమానానికి నాలుగు గంటలుంది. ఆ టెన్షన్‌లో పక్కన చెయ్యి పట్టుకోవడానికి కూడా ఎవరూ ఉండరు.